గ్రాట్స్: మతము, విద్యాలయములు, విద్యార్థి జీవనము

ఆస్ట్రియా దేశపు ఆగ్నేయభాగమున, స్టిరియా రాష్ట్రమునకు రాజధానియై, ఆల్ప్స్ పర్వతముల పాదములు మైదానమును కలియు తావున, మూర్ నదికి ఇరువైపుల వ్యాపించియున్న నగరము గ్రాట్స్. జనసంఖ్య సుమారు 3 లక్షలు. వియన్నా తరువాత దేశమున ఇదియే పెద్ద నగరము. చిన్నకోట యను అర్థముగల స్లావు పదమునుండి దీని పేరు పుట్టినది. నాలుగు విశ్వవిద్యాలయములు, రెండు వృత్తివిద్యా కళాశాలలు, రెండు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలు, వెరసి ఎనిమిది ఉన్నత విద్యాసంస్థలు ఇచట కలవు. వానిలో చదువువారు 50 వేలకు పైబడియుందురు గనుక వీథిలో ఎదురగు ప్రతి ఆరుగురిలో ఒకరు విద్యార్థి యన్నను తప్పు కాదు.

మతము, విద్య యను రెండింటికిని ఈ నగరమున వేర్వేరు చరిత్రలు లేవు. పాలకుడు తన మతమును నిలుపదలచినపుడు ముందుగా పాఠశాలను నెలకొల్పెను; పరమతమును వెడలగొట్టదలచినపుడు ముందుగా ఉపాధ్యాయులను వెడలగొట్టెను; నాలుగు శతాబ్దుల పిమ్మట, కాల్పబడిన ప్రార్థనాలయమును మరల లేపదలచినపుడును తొలుత చేయి వేసినవారు బడిపిల్లలే. గ్రాట్స్ మతచరిత్రను దేవాలయములందుకంటె తరగతిగదులందు చదువుట సుకరమని చెప్పుటకు ఇంతకంటె హేతువు అక్కరలేదు.

నగర స్వరూపము

నగరమధ్యమున 473 మీటర్ల ఎత్తున ష్లోస్‌బెర్గ్ అను కోటకొండ నిలిచియున్నది. 1809లో నెపోలియను సేనలు కోటను కూల్చుటకు పూనుకొన్నపుడు పౌరులు ధనమిచ్చి గడియారపు బురుజును, గంటగోపురమును కాపాడుకొనిరి. ఈ గడియారమున పెద్దముల్లు గంటలను, చిన్నముల్లు నిమిషములను చూపును. దూరమునుండి చూచువారికి కనబడుటకై మొదట గంటల ముల్లు ఒక్కటియే ఉండెడిది, నిమిషముల ముల్లు తరువాత చేర్చిరి. గంటగోపురమున 1587లో పోతపోసిన లీజల్ అను మహాఘంట దినమునకు మూడుమారులు, మారునకు 101 దెబ్బలు మ్రోగును.

నదికి తూర్పున పాతనగరము, ప్రధాన దేవాలయము, విశ్వవిద్యాలయ ప్రాంతము కలవు. పడమటనున్న లెండ్, గ్రీస్ పేటలు పూర్వము చేతిపనివారికిని, బాటసారుల సత్రములకును నెలవులు. తదనంతరము బోస్నియా, టర్కీ మొదలగు దేశములనుండి వచ్చిన కుటుంబములు ఎక్కువగా ఇచటనే స్థిరపడినవి. తూర్పుగట్టు బడులలోని మతపాఠమునకును పడమటిగట్టు బడులలోని మతపాఠమునకును హాజరుపట్టీలలో కానవచ్చు భేదమునకు మూలము ఇదియే. పాతనగరమును 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

రెండు పాఠశాలల పోరు (1573–1600)

16వ శతాబ్ది మధ్యమునాటికి స్టిరియా ప్రభువర్గమునను, గ్రాట్స్ పౌరులలోను పెక్కుమంది లూథరు మతమును అవలంబించిరి. 1564 నుండి ఈ నగరము రాజధానిగా అంతరాస్ట్రియాను ఏలిన ఆర్చ్‌డ్యూకు రెండవ కార్ల్ మాత్రము కాథలిక్కుగనే నిలిచెను. తురుష్కుల దండయాత్రల నెదుర్కొనుటకు వలసిన ధనము ప్రభువర్గము చేతిలోనుండుటచే అతడు బలప్రయోగమునకు సాహసింపక, 1578లో బ్రుక్ పట్టణమున వారికి మతవిషయమున కొన్ని మినహాయింపులను నోటిమాటగా అంగీకరించెను. అయితే దీర్ఘకాలిక యుద్ధమునకు అతడు ఎన్నుకొన్న ఆయుధము వేరు. తాను పిలిపించిన జెసూట్ గురువులచేత 1573లో ఒక లాటిను పాఠశాలను తెరపించెను. నేటి అకడెమిక్ గిమ్నాజియము దాని వారసురాలు. దానికి బదులుగా ప్రభువర్గమువారు 1574లో, పారడైస్ అని పిలువబడు ఆవరణమున, ప్రొటెస్టంటు పాఠశాలను ప్రారంభించిరి. కొలది వీథుల ఎడమున రెండు బడులు, రెండింటను లాటిను వ్యాకరణమే, సిసెరో వర్జిలులే. భేదమంతయు ప్రార్థనలోను, ప్రశ్నోత్తరముల మతగ్రంథములోను ఉండెడిది.

ఈ రెండవ పాఠశాలకు 1594లో గణితోపాధ్యాయుడై ట్యూబింగెన్ నుండి 22 ఏండ్ల యువకుడొకడు వచ్చెను. అతడే యోహానెస్ కెప్లరు. గణితపాఠమునకు మొదటియేడు కొద్దిమంది విద్యార్థులే వచ్చిరి. రెండవయేడు ఒక్కడును రాలేదు. అందుచే పాఠశాలవారు అతనిచేత అలంకారశాస్త్రమును, వర్జిలును కూడ చెప్పించిరి. పంచాంగరచన సైతము అతని ఉద్యోగధర్మములలో చేరియుండెను. 1595వ సంవత్సరపు పంచాంగమున అతడు సూచించిన తీవ్రమైన చలియు, తురుష్కుల దాడియు నిజమగుటచే నగరమున అతని పేరు ప్రాకెను.

1595 జూలై 19వ తేదీన జరిగిన సంగతి విజ్ఞానశాస్త్ర చరిత్రకు చెందినదైనను, జరిగిన చోటు తరగతిగది. గురుశనిగ్రహములు ఇరువది సంవత్సరముల కొకమారు రాశిచక్రమున కలిసికొను తీరును కెప్లరు విద్యార్థుల యెదుట గీయుచుండెను. సంయోగస్థానములను వరుసగా కలుపుకొనుచు పోగా, వృత్తములోపల త్రిభుజముపై త్రిభుజము పడి, వాని భుజములు ఒరసికొనిన నడిమి భాగమున ఎవరును గీయని మరియొక చిన్నవృత్తము తనంతట తానే తేలివచ్చెను. ఆ రెండు వృత్తముల నిష్పత్తి శని, గురుల కక్ష్యల నిష్పత్తికి సన్నిహితముగా నుండుట చూచి అతడు నిశ్చేష్టుడయ్యెను. సృష్టికర్త జ్యామితి ననుసరించియే గ్రహములను నిలిపెనను భావము అప్పుడతనికి స్ఫురించినది. విశ్వరహస్యమును గూర్చిన అతని ప్రథమగ్రంథము (1596) దాని ఫలమే. భావము వివరములలో నిలువలేదు గాని, గ్రహగతి నియమముల అన్వేషణ ఆ గదిలోనే మొదలయ్యెను. కెప్లరునకు అది శాస్త్రము మాత్రమే గాదు, దైవారాధనము గూడ. మతమును విద్యను వేరుచేసి చూచు నేటి దృష్టికి ఇది ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది.

కార్ల్ కుమారుడు ఫెర్డినాండు అధికారము చేపట్టిన పిమ్మట మినహాయింపుల కాలము ముగిసెను. 1598 సెప్టెంబరులో ప్రొటెస్టంటు బోధకులును, ఉపాధ్యాయులును నగరమును విడిచిపోవలెనని ఆజ్ఞ వెలువడెను. పారడైస్ పాఠశాల మూతబడెను. కెప్లరు ఒక్కనికి తిరిగివచ్చుటకు అనుమతి లభించినను, మరుసటియేట పసిబిడ్డ మరణించినపుడు కాథలిక్ గురువును పిలువక తన మతవిధి ననుసరించి ఖననము చేసినందులకు అతడు జరిమానా చెల్లింపవలసివచ్చెను. 1600 ఆగస్టులో పౌరులందరిని పేరుపేరున పిలిచి మతమును విచారించిరి. మతము మార్చుకొననన్న వారిలో కెప్లరొకడు. సెప్టెంబరు చివర అతడు కుటుంబముతో ప్రాగ్ నగరమునకు వెడలెను.

విశ్వవిద్యాలయము: జెసూట్ల నుండి రాజ్యమునకు

గ్రాట్స్ విశ్వవిద్యాలయమును రెండవ కార్ల్ 1585లో స్థాపించి జెసూట్ల కప్పగించెను. ఆరంభమున ఇందు దైవశాస్త్రము, తత్త్వశాస్త్రము అను రెండు విభాగములే కలవు. చక్రవర్తి మూడవ ఫ్రీడ్రిఖ్ 15వ శతాబ్దిన కట్టించిన సంత్ ఎగీడియస్ దేవాలయము జెసూట్ల వశమై విద్యార్థుల ప్రార్థనలకును, ఉత్సవములకును రంగమయ్యెను. దీని వెలుపలిగోడపై 1485లో చిత్రింపబడి, ఇప్పటికిని కొంతభాగము నిలిచియున్న కుడ్యచిత్రము 1480లో నగరమును పీడించిన మూడు ఉపద్రవములను, అనగా మిడుతలదండు, తురుష్కులదాడి, మహామారి యను వానిని చూపును.

పోపు 1773లో జెసూట్ సంఘమును రద్దుచేయగా విశ్వవిద్యాలయము రాజ్యాధీనమయ్యెను. చక్రవర్తి రెండవ యోసెఫ్ 1782లో దీనిని లైసియము స్థాయికి తగ్గించెను. మొదటి ఫ్రాంజ్ 1827లో పూర్వస్థాయిని పునరుద్ధరించెను. స్థాపకుడు, పునఃస్థాపకుడు ఇరువురి పేర్లను కలిపి కార్ల్-ఫ్రాంజెన్స్ విశ్వవిద్యాలయ మందురు. వైద్యశాస్త్ర విభాగము 1863లో ఏర్పడి, 2004లో స్వతంత్ర వైద్య విశ్వవిద్యాలయమైనది. కాథలిక్ దైవశాస్త్ర విభాగము, 1938 తరువాత మూతబడిన కాలము తప్ప, ఆరంభమునుండి నేటివరకు విశ్వవిద్యాలయమున అంగముగనే యున్నది. మతబోధ చేయదలచిన కాథలిక్ ఉపాధ్యాయులకు ఇచట శిక్షణ లభించును. తక్కిన విభాగములు మతముతో సంబంధము లేనివి.

మతగురువుల చేతినుండి గాక ప్రయోజనదృష్టినుండి పుట్టిన రెండవ విద్యాధార యోహానేయుము. ఆర్చ్‌డ్యూకు యోహాన్ 1811లో దీనిని స్థాపించి, ఖనిజశాస్త్రము, రసాయనశాస్త్రము, వ్యవసాయము నేర్పించెను. ఖనిజముల కాఠిన్యమును పదిమెట్లుగా కొలుచు మానమును రూపొందించిన ఫ్రీడ్రిఖ్ మోస్ ఇచటి ఆచార్యుడు. నేటి సాంకేతిక విశ్వవిద్యాలయము దీనినుండి వెలసినదే. నికోలా టెస్లా 1875లో ఇచట చేరి పట్టము పొందకయే వెడలెను. సంగీతకళల విశ్వవిద్యాలయమునకు మూలము 1816 నాటి సంగీతపాఠశాల. 1965లో ఇచట నెలకొల్పిన జాజ్ సంగీత విభాగము ప్రసిద్ధి వహించినది.

స్త్రీలకు తత్త్వశాస్త్ర విభాగమున 1897లో, వైద్యమున 1900లో ప్రవేశము లభించెను. అంతకు పూర్వము 1873లోనే బాలికలకై ఒక లైసియము నగరమున ఆరంభమయ్యెను. ఉర్సులైన్ సన్న్యాసినులు 1686 నుండి బాలికలకు చదువు చెప్పుచుండిరన్న సంగతిని ఇచట స్మరింపవలెను. ఆ లైసియమునకు దాదాపు రెండు శతాబ్దుల ముందే ఈ పనిని పూనుకొన్నది మఠము.

1938లో జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించుకొన్న వెంటనే విశ్వవిద్యాలయము ఘోరమైన నష్టమునకు లోనయ్యెను. నరములనుండి స్పందన రసాయనముద్వారా వ్యాపించునని నిరూపించి 1936లో నోబెల్ బహుమానము పొందిన ఒట్టో లోవి యూదు డగుటచే చెరపాలై, బహుమాన ధనమును సైతము అప్పగించి దేశమును విడువవలసివచ్చెను. ఎర్విన్ ష్రోడింగర్, విక్టర్ హెస్ అను మరిద్దరు నోబెల్ గ్రహీతలు ఉద్యోగములను కోల్పోయిరి. మరుసటియేడు దైవశాస్త్ర విభాగమును మూసివైచిరి. ఒకప్పుడు ఉపాధ్యాయుని మతమును ప్రశ్నించి వెడలగొట్టిన నగరము మరల, ఈమారు జాతి పేర, అదే పని చేసెను.

అన్యమతములు: సహనమునుండి గుర్తింపునకు

రెండవ యోసెఫ్ 1781లో వెలువరించిన సహనశాసనము ప్రొటెస్టంటులకు ప్రార్థనాగృహములు కట్టుకొను హక్కునిచ్చెను. కాని అవి గోపురము, గంట, వీథివైపు ద్వారము లేక సామాన్యగృహములవలె ఉండవలెనని నియమము. కైజర్ యోసెఫ్ చౌకమున 1824లో ఈ నియమములకు లోబడి కట్టిన గృహమే, తరువాత విస్తరింపబడి, హైలాండ్స్ దేవాలయమైనది. 1861 నాటి శాసనము వారికి సమానహక్కుల నిచ్చెను.

యూదులను మాక్సిమిలియన్ రాజు 1496లో స్టిరియానుండి వెడలగొట్టెను. వారు తిరిగి స్థిరపడుటకు 19వ శతాబ్దివరకు వేచియుండవలసివచ్చెను. 1892లో మూర్ నది కుడిగట్టున మాక్సిమిలియన్ కాచర్ రచించిన ప్రణాళికపై గుమ్మటముగల సినగోగు వెలసెను. ఇచటి చివరి ప్రధాన రబ్బీ డేవిడ్ హెర్జోగ్ విశ్వవిద్యాలయమున సెమిటిక్ భాషల ఆచార్యుడు గూడ. నగరమున మతపీఠమును విద్యాపీఠమును ఏకకాలమున అధిష్ఠించినవారిలో ఆయన ప్రముఖుడు. 1938 నవంబరు 9వ తేదీ రాత్రి సినగోగును తగులబెట్టిరి. ఆయన ఇంగ్లండునకు వలసపోయెను.

కూల్చిన సినగోగు ఇటుకలు వృథా పోలేదు. వానితో నగరములోనే ఒక మోటారుశాలను కట్టిరి. దశాబ్దులు గడచిన పిమ్మట, పాతస్థలముననే సినగోగును నిర్మింప నగరసభ నిశ్చయించినపుడు, ఆ ఇటుకలు బయటపడినవి. వానికంటియున్న సున్నమును, సిమెంటును తొలగించినగాని గోడకు పనికిరావు. ఆ పనిని గ్రాట్స్ పాఠశాలల విద్యార్థులు పూనుకొని, ఒక్కొక్క ఇటుకను చేతబట్టి గీకి, 9,600 ఇటుకలను శుభ్రపరచిరి. ఆ పిల్లలలో ఎక్కువమంది యూదేతరులే. చరిత్రపాఠమున ఒక వాక్యముగా ముగియు సంగతి వారి చేతులకు బరువుగా, గరుకుగా తగిలినది. 2000 నవంబరు 9వ తేదీన, సరిగా 62 సంవత్సరములకు, గాజుగుమ్మటముగల క్రొత్త సినగోగు ప్రారంభమయ్యెను; పాత కట్టడపు హద్దులను ఆ ఇటుకల గోడ చూపుచున్నది. నగరపు పాఠశాలలు మతచరిత్రలో నిర్వహించిన పాత్రలలో దీనికంటె గౌరవనీయమైనది వేరొకటి లేదు.

ఇస్లామునకు ఆస్ట్రియాలో చట్టబద్ధమైన గుర్తింపు 1912లోనే లభించినది. అప్పటికి బోస్నియా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమున చేరియుండుట దానికి కారణము. 2015లో ఈ చట్టమునకు బదులు క్రొత్తది వచ్చెను. ఆర్థొడాక్సు క్రైస్తవులు, బౌద్ధులు (1983), అలెవీలు (2013) మొదలగువారును గుర్తింపు పొందిరి. హిందువులు 1998 నాటి చట్టము ననుసరించి రెండవ తరగతి గుర్తింపు మాత్రమే పొందియున్నారు. దీనివలన వారికి సంఘముగా న్యాయస్థితి కలదు గాని, పాఠశాలలలో మతబోధ జరుపు హక్కు లేదు.

పాఠశాలా వ్యవస్థ

నిర్బంధవిద్యకు ఆద్యము మరియ తెరీసా మహారాణి 1774లో వెలువరించిన పాఠశాలాశాసనము. నిర్బంధకాలము తొలుత ఆరేండ్లు, 1869లో ఎనిమిదేండ్లు, 1962లో తొమ్మిదేండ్లు. పోపుతో కుదిరిన 1855 నాటి ఒడంబడిక బడుల పర్యవేక్షణను కాథలిక్ చర్చికి అప్పగింపగా, 1868లో రాజ్యము దానిని తిరిగి తీసికొనెను. నేటి ఏర్పాటు ఈ కలహము ముగిసిన తరువాత కుదిరిన రాజీ.

ఆరవయేట బిడ్డ ఫోల్క్‌షూలె అను ప్రాథమిక పాఠశాలలో చేరును. మొదటిదినమున మిఠాయిలు, పెన్సిళ్ళు నింపిన పొడవాటి కాగితపు శంకువును పిల్లల చేతికిత్తురు. తన యెత్తులో సగముండు ఆ శంకువును రెండుచేతుల కౌగిలించుకొని గుమ్మమున నిలిచిన పిల్లల ఛాయాచిత్రము లేని ఇల్లు అరుదు. నాలుగేండ్లు గడచినపిమ్మట, అనగా పదియేండ్ల ప్రాయముననే, దారులు చీలును: ఎనిమిదేండ్ల గిమ్నాజియము ఒకటి, నాలుగేండ్ల మధ్యమపాఠశాల రెండవది. పదియేండ్ల బిడ్డ భవిష్యత్తును ఇంత తొందరగా నిర్ణయించుట న్యాయమా యను చర్చ దేశమున ఎడతెగక సాగుచున్నది. ఈ విభజనమున తలిదండ్రుల చదువు బిడ్డ తెలివికంటె ఎక్కువ పనిచేయునను విమర్శలో బలము కలదు.

పదునాలుగేండ్ల తరువాత సాంకేతిక, వాణిజ్య ఉన్నతపాఠశాలలు ఐదేండ్లు చదువుచెప్పి వృత్తిని కూడ నేర్పును. శిష్యరికము కోరినవారు వారమున కొన్నిదినములు కార్ఖానాలోను, కొన్నిదినములు వృత్తిపాఠశాలలోను గడుపుదురు. గిమ్నాజియమునకుగాని, ఉన్నత వృత్తిపాఠశాలకుగాని తుదిపరీక్ష మటూరా; ఇది విశ్వవిద్యాలయమునకు ద్వారము. మార్కులు 1 నుండి 5 వరకు. 1 ఉత్తమము, 5 అనుత్తీర్ణము. మనదేశపు నూటికి నూరు లెక్కకు అలవాటుపడినవారు మొదట దీనిని తలక్రిందుగా చదువుదురు. పాఠ్యపుస్తకములు 1972 నుండి రాజ్యవ్యయమున లభించుచున్నవి. స్టిరియాలో విద్యాసంవత్సరము సెప్టెంబరు రెండవ సోమవారమున మొదలగును.

పాఠశాలలో మతబోధ

1949 నాటి మతబోధచట్టము ననుసరించి, గుర్తింపు పొందిన ప్రతి మతసంఘమునకు చెందిన విద్యార్థులకు ఆయా మతపాఠము తప్పనిసరి. సాధారణముగా వారమునకు రెండు పీరియడ్లు. పాఠ్యక్రమమును మతసంఘము నిర్ణయించును, ఉపాధ్యాయుని అదియే ఆమోదించును, జీతమును రాజ్యమిచ్చును. అయితే తప్పనిసరి యను మాటకు ఒక ద్వారము విడువబడినది: విద్యాసంవత్సరపు మొదటి ఐదు దినములలో లిఖితపూర్వకముగా తెలిపినయెడల పాఠమునుండి విడుదల పొందవచ్చును. పదునాలుగేండ్లు నిండువరకు ఈ నిర్ణయము తలిదండ్రులది, పిమ్మట విద్యార్థిదే. అందుచే ఒకే తరగతిలోని పిల్లలు మతపు పీరియడ్ రాగానే మూడునాలుగు గదులకు చీలిపోవుదురు. కాథలిక్కులొకచోట, ప్రొటెస్టంటులు మరియొక చోట, ఒక్కొక్కపుడు రెండుమూడు బడుల పిల్లలను కూడదీసి ఆర్థొడాక్సు వారొకచోట కూర్చుందురు. ఇస్లాము మతబోధ 1982 నుండి సాగుచున్నది.

మతపాఠమును మానుకొన్న ఉన్నతతరగతుల విద్యార్థులకు 2021 నుండి నీతిశాస్త్రము తప్పనిసరి యయ్యెను. ఇది దీర్ఘకాలపు చర్చకు ఫలము. మతపాఠమును వదలినవానికి ఖాళీగంట దొరకుట అన్యాయమని ఒకరు, మతమున్నను లేకున్నను పిల్లలందరు ఒకేగదిలో కూర్చుండి నీతిని చర్చించుట మేలని మరియొకరు వాదించిరి. రెండవవారి కోరిక నెరవేరలేదు. క్రైస్తవ విద్యార్థులు అధికసంఖ్యాకులైన బడిలో తరగతిగోడపై శిలువ నుంచవలెనని చట్టము. దీనిపై వాదములు ఇంకను ఆగలేదు.

మఠములును, బిషప్ పీఠమును నడుపు బడులు నగరమున పెక్కు. ప్రభుత్వ గుర్తింపు గల మతసంస్థల బడులలో ఉపాధ్యాయుల జీతములను రాజ్యమే భరించును గనుక, వానిలో రుసుములు తక్కిన ప్రైవేటు బడులకంటె తక్కువగా నుండును. అన్యమతస్థులును తమపిల్లల నచటికి పంపుదురు.

విద్యార్థుల మతజీవనము

విశ్వవిద్యాలయమున కనతిదూరమున చిన్నమెట్టపై లేఖ్ దేవాలయము కలదు. 13వ శతాబ్ది చివర ట్యుటానిక్ యోధసంఘము కట్టించిన ఈ మందిరము నగరమున మిక్కిలి ప్రాచీనమైన దేవాలయములలో ఒకటి. నేడు విశ్వవిద్యాలయపు చర్చి ఇదియే. దీని నాశ్రయించిన కాథలిక్ విద్యార్థిసంఘము ఆరాధనలతోపాటు వసతిగృహమును, సంగీతగోష్ఠులను, కష్టములలోనున్న విద్యార్థులకు సహాయమును నిర్వహించును. ప్రొటెస్టంటు విద్యార్థులకును ఇట్టి సంఘము కలదు. ఆసియా, ఆఫ్రికా దేశముల విద్యార్థులకై 1960ల దశకమున కాథలిక్ బిషప్ పీఠపు ప్రోత్సాహముతో ఏర్పడిన ఆఫ్రో-ఆసియా సంస్థ వివిధమతముల వారికి పరస్పర పరిచయస్థానమైనది. కాథలిక్ చర్చి నడుపు సంస్థ అన్యమతస్థుల ప్రార్థనకు చోటు కల్పించుట, 1598ని ఎరిగినవానికి చిన్నవిషయముగా తోచదు.

అయినను యువకులలో నిత్యము చర్చికి పోవువారు కొద్దిమందియే. చర్చి సభ్యులు ఆదాయమును బట్టి చర్చిపన్ను చెల్లింపవలసియుండుటచే, మొదటిజీతము చేతికిరాగానే సభ్యత్వమును వదలుకొనువారు పెక్కురు. కాని సభ్యత్వమును విడిచినవారు పర్వములను విడువరు.

వత్సరచక్రము

నవంబరు 1 సర్వసాధువుల దినమున సమాధులపై దీపములు వెలిగించి, జడవలె అల్లిన తీపిరొట్టెను ధర్మపిత, ధర్మమాతలు పిల్లలకిత్తురు. నవంబరు 11న శిశుపాఠశాలల పిల్లలు తాము చేసిన కాగితపు లాంతరులతో సంత్ మార్టిన్ ఊరేగింపు తీయుదురు. డిసెంబరు 5, 6 తేదీలలో సంత్ నికొలాసు, ఆయన వెంట క్రంపుస్ అను భీకరరూపుడు వచ్చును. క్రీస్తుజయంతికి ముందు స్టిరియా శాసనసభాభవన ప్రాంగణమున మంచుదిమ్మలతో పశుశాల దృశ్యమును చెక్కుదురు. జనవరి మొదట ముగ్గురు రాజుల వేషమున బాలబాలికలు ఇంటింట పాడి, ధర్మకార్యములకు ధనము ప్రోగుచేసి, గుమ్మముపై సుద్దతో సంవత్సరాంకమును, మూడక్షరములను వ్రాసిపోవుదురు. ఆ వ్రాత ఏడాదిపొడుగున చెరుపకుండ ఉంచుదురు.

స్టిరియావారికి అన్నిటికంటె ప్రీతికరమైనది ఈస్టరునకు ముందటి శనివారము. ఆ మధ్యాహ్నము పొగబెట్టిన మాంసము, నాలుక, సాసేజి, రంగుగ్రుడ్లు, ఘాటైన గుర్రపుముల్లంగి, తీపిరొట్టెలను బుట్టలో సర్ది, కుట్టుపని చేసిన తెల్లనివస్త్రము కప్పి, గురువుచే ఆశీర్వదింపజేయుటకు ప్రతికుటుంబమును చర్చికో, పల్లెలలో శిలువమంటపమునకో తీసికొనిపోవును. బుట్టలన్నియు వరుసగా నేలనుంచగా గురువు పవిత్రజలమును చల్లుచు నడచును. ఆ క్షణము వరకు ఉపవాసమున్న పిల్లల చూపులు గురువుపై గాక మాంసముపై నుండుట సహజము. రాత్రి పల్లెలలో ఈస్టరు మంటలు వేయుదురు. కొండలనడుమ గిన్నెవలె నుండు గ్రాట్స్‌లో పొగ కదలక నిలిచిపోవుటచే నగరపరిధిలో ఈ మంటలు నిషిద్ధములు.

నిత్యజీవనము

విశ్వవిద్యాలయమున శీతకాలపు అర్ధసంవత్సరము అక్టోబరున, వేసవి అర్ధసంవత్సరము మార్చిలో ప్రారంభమగును. యూరోపు సమాఖ్య పౌరులకు నియతకాలమున రుసుము లేదు. ఇతరదేశస్థులకు అర్ధసంవత్సరమునకు 726.72 యూరోలు. భారతదేశమునుండి, ఆంధ్ర, తెలంగాణములనుండి ఇంజనీరింగు పైచదువులకు వచ్చువారు ఈ రెండవ తరగతిలోనివారే. వచ్చినవాడు మూడుదినములలో తన నివాసమును నగర కార్యాలయమున నమోదు చేయించుకొనవలెను. విద్యార్థులందరు చట్టరీత్యా జాతీయ విద్యార్థిసంఘ సభ్యులు. రెండేండ్ల కొకమారు ఎన్నికలు జరుగును.

విద్యార్థులలో పెక్కుమంది సైకిలుపైననే తిరుగుదురు. మధ్యాహ్నము మెన్సా యను భోజనశాల, సాయంత్రము విశ్వవిద్యాలయప్రాంతపు పానశాలలు. ఇంటివంట చేసికొనువారికి కైజర్ యోసెఫ్ చౌకపు రైతుబజారు ఆధారము. సోమవారము మొదలు శనివారము వరకు ప్రొద్దుటి ఆరునుండి మధ్యాహ్నము ఒంటిగంటవరకు చుట్టుపట్ల పల్లెల రైతులు కూరగాయలు, యాపిల్‌పండ్లు, ఊదా మచ్చలుగల పెద్దచిక్కుడుగింజలు అమ్ముదురు. గుమ్మడిగింజలను వేచి తీసిన నూనెను సీసాలలో నింపి పెట్టుదురు. సీసాలో నల్లగాను, పళ్లెమున పలుచగా పరచినపుడు చిక్కని ఆకుపచ్చగాను కనబడు ఈ నూనెను ఇచటివారు చిక్కుడుగింజల మీదనే గాక కోడిగ్రుడ్డు మీదను, ఐస్‌క్రీము మీదను పోసికొందురు.

శనివారము మధ్యాహ్నము ఒంటిగంటకు రైతులు బల్లలు మడుచుదురు. చట్టము ననుసరించి ఆదివారము దాదాపు దుకాణములన్నియు మూసియుండును. రొట్టె కొనుట మరచిన పరదేశ విద్యార్థికి రైల్వేస్టేషను దుకాణమే శరణ్యము. బల్లలు తీసివేసిన చౌకమునకు ఆవల, ఒకప్పుడు గోపురము కట్టకూడదన్న హైలాండ్స్ దేవాలయపు గోపురమునుండి ఆదివారపు ఆరాధనకు గంట మ్రోగును.